మా బావ పన్నెండో చావు

మా బావ ఇప్పటికి నాలుగు వేల చిల్లర సార్లు చచ్చాడు. బాణం తగిలి, బల్లెం దిగి, వంతెన మీంచి పడి, మంచులో గడ్డకట్టి, రెక్కల పాము ఊదిన మంటలో మాడి, ఒకసారైతే సొంత పక్షంవాళ్ళ గుర్రమే తొక్కి. ఇన్నిసార్లు చచ్చినా మనిషి నిక్షేపంగా ఉన్నాడు. పొద్దున్నే షాపు షట్టరు ఎత్తుతాడు, పరుపులు కుడతాడు, మధ్యాహ్నం భోంచేసి మా స్టూడియోకి వచ్చి చస్తాడు, సాయంత్రం మళ్ళీ వెళ్ళి పరుపులు కుడతాడు.

బావంటే మా అక్క భర్త. నేను ఆ స్టూడియోలో శబ్దాలు రికార్డు చేసి, కత్తిరించి, అతికించేవాణ్ణి. అచ్చు పుస్తకాలని వినే పుస్తకాలుగా మార్చడం మా పని. ఎన్ని పుస్తకాలు చేసినా మా అందరి కడుపులూ నింపింది మాత్రం ఒక్కటే నవల, ‘పన్నెండు వంతెనల యుద్ధం’. తొమ్మిది భాగాలు. రాసినాయన పళ్ళ డాక్టరు. రోగి చిగుళ్ళలో మత్తు ఎక్కేలోపు ఒక పేజీ రాస్తాడట. ఆ సంగతి తెలిశాక, ఆయన పుస్తకంలో జనం ఇంత నొప్పి పడి ఎందుకు చస్తారో నాకు అర్థమైంది.

కథ పెద్ద చిక్కేమీ కాదు. నదికి ఇవతల ఉత్తరపు కొండల రాజు, అవతల ఉప్పు దీవుల రాణి. నది మీద పన్నెండు వంతెనలు. ఒక్కో వంతెన దగ్గర ఒక్కో మహాసంగ్రామం. రాజుకీ రాణికీ సేనాపతులకీ పేజీలకు పేజీలు ఉపన్యాసాలుంటాయి. కత్తి ఎత్తినవాడు దించేలోపు తన వంశచరిత్ర చెప్పి, అవతలివాడి వంశాన్ని తిట్టి, ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు. పేరులేని సైనికులకి ఆ యోగం లేదు. “ఆర్తనాదాలతో వేలాదిమంది నేలకొరిగారు” అని డాక్టరు ఒక వాక్యం రాసి పడేస్తాడు. ఆ ఒక్క వాక్యం మా బావకి ఒక పూట పని.

ఆ పని బావని వెతుక్కుంటూ వచ్చింది. మా స్టూడియో ఒక కళ్ళద్దాల షాపు పైన, మూడో అంతస్తులో ఉంటుంది. కింద బస్సుల మోత లోపలికి రాకుండా గోడలకి మెత్త కొట్టించాల్సి వచ్చింది. ఇంట్లో పరుపులు కుట్టే బావ ఉండగా బయటివాళ్ళెందుకని నేనే పిలిపించాను. బావ ఫోమ్ పలకలు కోసి, గుడ్డ తొడిగి, గోడకి మేకులు కొడుతున్నాడు. గాజు పలకకి ఇవతల నేను మైకు సరిచూసుకుంటున్నాను. మేకు మీద పడాల్సిన సుత్తి బొటనవేలి మీద పడింది. బావ వేసిన కేక హెడ్‌ఫోన్లలోంచి నా చెవుల్లోకీ, అక్కణ్ణించి వెన్నులోకీ దిగింది. ప్రొడ్యూసరు పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. వేలికేమైందని అడగలేదు.

“అది రికార్డయిందా?” అన్నాడు.

ఆ వేలి గోరు ఊడేలోపు బావ మొదటి వంతెన దగ్గర అరవైమంది చావు చచ్చాడు.

అరవడానికేముంది, ఎవడైనా అరుస్తాడు అనుకున్నాను మొదట్లో. బావ పద్ధతి వేరు. పరుపులు కుట్టేవాడికి ఒంటి బరువు ఎక్కడ పడుతుందో, ఎక్కడ ఏది గుచ్చుకుంటే మనిషి ఎలా కదులుతాడో తెలుసు. మైకు ముందు నిలబడి ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేసేవాడు.

“ఎక్కడ తగిలింది?”

“ఎక్కడో తగిలిందిలే బావా. నువ్వు అరిచెయ్.”

“ఎక్కడో తగిలితే ఎలాగోలా అరవాలి. పక్కటెముకల కింద దిగితే ముందు గాలి పోతుంది, కేక తర్వాతొస్తుంది. తొడలో దిగితే ముందు కేక, తర్వాత తిట్టు. సరిగ్గా చెప్పు, ఎక్కడ?”

కొండలవాళ్ళు చలికి నోరు పూర్తిగా తెరవరు కాబట్టి పళ్ళు బిగించి చావాలన్నాడు. దీవులవాళ్ళు సముద్రం మోతలో అరుచుకోవడం అలవాటైనవాళ్ళు కాబట్టి గొంతు చించుకుని చావాలన్నాడు. వంతెన మీంచి పడేటప్పుడు మైకు దగ్గర కేక మొదలుపెట్టి, ఐదడుగులు వెనక్కి నడిచి, తాను కుట్టిన గోడ మెత్తకే మొహం ఆనించి ముగించేవాడు. నీళ్ళలో మునిగి చచ్చేవాళ్ళ కోసం ఒక చెంబు నీళ్ళు, ఒక తుండు గుడ్డ పెట్టుకునేవాడు. ఇవేవీ పుస్తకంలో లేవు. డాక్టరు ఒకరోజు వచ్చి విని, “అవునవును, నేననుకున్నది సరిగ్గా ఇదే” అన్నాడు. పొగడ్త ఎటుపోతున్నా మధ్యలో ఆపి తన జేబులో వేసుకోవడం ఆయనకి అలవాటు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, చావుకేకలో మాటలుండవు. ఐదు భాగాలు పూర్తయ్యాయి, రెండువేలమంది పోయారు, మా బావ గొంతునుంచి మాటనదగ్గది ఒక్కటి బయటికి రాలేదు. అసలే నోట్లో నాలుక లేనివాడని మా నాన్న పెళ్ళికి ముందే తేల్చేశాడు. దొరక్క దొరక్క స్టూడియోలో పని దొరికితే, అక్కడ కూడా నాలుకతో పనిలేని పనే దొరికింది.

లిఫ్టు మనిషికి మాత్రం నాలుగో భాగంలో ఒక మాట పడింది. కోట కాపలావాడి పాత్రకి రావాల్సినాయన జ్వరమొచ్చి మానేశాడు. ఉన్న మాట ఒక్కటే, “తలుపులు మూసెయ్యండి!” లిఫ్టు మనిషి పదిహేనేళ్ళుగా ఆ మాట రోజుకి రెండొందలసార్లు అంటున్నాడు కాబట్టి ఒక్క టేకులో ముగించి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి బావ లిఫ్టు ఎక్కడం మానేశాడు. మూడంతస్తులూ మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చి, ఆ ఆయాసంతోనే చచ్చేవాడు.

“బాబూ, ఒక్క మాట ఇప్పించండి. గుర్రాలకి గడ్డి వెయ్యమని ఎవడో ఒకడు అనాలిగా, అదైనా చాలు” అని ప్రతి భాగానికీ ప్రొడ్యూసర్ని అడిగేవాడు.

“నీది చావుగొంతయ్యా. మాటగొంతు వేరే ఉంటుంది” అనేవాడు ప్రొడ్యూసరు.

మాటగొంతంటే ఆయన ఉద్దేశం బంగారు గొంతు అన్నమాట. ఊళ్ళో అందరూ అలా పిలిచే ఆ పెద్దమనిషే మా తొమ్మిది భాగాలకీ ముఖ్య గొంతు. మామూలుగా మంచినీళ్ళడిగినా యుద్ధం ప్రకటించినట్టుండేది.

ఇంతకీ ఈ ఒక్క మాట పిచ్చి బావకి కీర్తి కోసం పట్టింది కాదు. మా అక్క కోసం పట్టింది. మొదటి భాగం రోజుల్లో బావ ఇంట్లోనే సాధన చేసేవాడు. ఒకనాడు అక్క కూరగాయలకెళ్ళిన సమయంలో గదిలో తలుపేసుకుని, మూడో వంతెన దగ్గర గొడ్డలి దెబ్బ తిన్నవాడి చావు సాధన చేస్తున్నాడు. పక్కవాటా వాళ్ళు విని, తలుపు విరగ్గొట్టుకుని లోపలికొచ్చారు. బావ నేలమీద వెల్లకిలా పడి, కళ్ళు తెరిచి, “ఇప్పుడే వచ్చారా, కూర్చోండి” అన్నాడు. అక్క తిరిగొచ్చేసరికి గుమ్మంలో జనం, తలుపు నేలమీద, జనం మధ్య మొగుడు. సంచీ అక్కడే పడేసి కూలబడిపోయిందట. విషయం తెలిశాక లేచి ఒకటే మాట అంది.

“చావాలనుంటే స్టూడియోకెళ్ళి చావండి. నా ఇంట్లో కుదరదు.”

ఆ తర్వాత ఏ భాగం విడుదలైనా బావ ఫోను పట్టుకుని ఆవిడ వెనకాల తిరిగేవాడు. “ఇదిగో, ఈ చోట నేనే. ఈ పడవలోవాళ్ళు తొమ్మిదిమందీ నేనే. ఒక్కసారి విను.” అక్క గిన్నెలు చప్పుడు చేసేది, కుళాయి తిప్పేది, వీధిలోకి పోయేది. ఒక్క చావూ వినలేదు.

“మీరొక మాట మాట్లాడే రోజు రానివ్వండి, ఆ రోజు కూర్చుని వింటాను. ఈ చావులు నాకొద్దు” అంది చివరికి.

“మీ అక్కకి నా పనంటే చిన్నచూపురా” అనేవాడు బావ నాతో. నేనూ అలాగే అనుకున్నాను. మా అక్కని నేను పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును కదా అని నా ధీమా.

ఇక్కడ నా పాపం కూడా చెప్పుకోవాలి. ఆరో భాగం మొదలయ్యే ముందు ప్రొడ్యూసరు నన్ను పిలిచి, “నీ కంప్యూటర్లో ఇప్పటికి ఎన్ని చావులున్నాయి?” అన్నాడు. మంచివి మూడొందల దాకా ఉన్నాయన్నాను. “మరి కొత్తవెందుకు? ఉన్నవాటినే తిప్పి తిప్పి వాడు” అన్నాడు. నాకూ సుఖంగానే తోచింది. బావని పిలిస్తే ఎక్కడ తగిలిందో వెతికి చెప్పాలి. కంప్యూటర్లో చావైతే ప్రశ్నలడగదు.

బావకి మాత్రం నిజం చెప్పలేదు. “ఈ భాగంలో యుద్ధం తక్కువ బావా, అన్నీ సంప్రదింపులే” అన్నాను. ఏడో భాగానికి, “ఈసారి విషప్రయోగాలు ఎక్కువ, అందరూ నిద్రలోనే పోతున్నారు” అన్నాను. ఎనిమిదో భాగానికి అబద్ధం అల్లే ఓపిక కూడా లేక, “చూద్దాంలే” అన్నాను.

బావ అమాయకుడేమో గానీ తెలివితక్కువవాడు కాదు. తనని పక్కన పెట్టేశారని అర్థమైంది. ఎందుకో మాత్రం తప్పుగా అర్థమైంది. తన గొంతు పోయిందనుకుని, కొత్త భాగాలు వినడం కూడా మానేశాడు. పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. టీ మానేశాడు, చల్లనివి మానేశాడు, దూది దుమ్ము గొంతుకి పడదని షాపులో మూతికి గుడ్డ కట్టుకున్నాడు. గొంతు డాక్టరుకి చూపించుకుంటే ఏమీ లేదన్నాడట. “ఏమీ లేదంటే ఏమీ మిగల్లేదనేమో” అని నా దగ్గర వాపోయాడు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఇది జరిగి ఇన్నాళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

ఆ మూడొందల చావుల్లో నూట పదిహేడో నంబరుది నాకు మహా ఇష్టం. నిండుగా మొదలై, సన్నగా తగ్గి, చివర్లో ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు చిన్న తెంపు ఉంటుంది దాంట్లో. ఎక్కడ పెట్టినా అతుక్కుపోయేది. ఒకే కేకని మళ్ళీ వాడేటప్పుడు కాస్త హెచ్చించో తగ్గించో గుర్తుపట్టకుండా మార్చాలి, అది మా పనిలో మొదటి పాఠం. నేను బద్ధకించాను. మూడు భాగాల్లో నూట పదిహేడో చావుని ఉన్నదున్నట్టు పదకొండుసార్లు వాడేశాను.

వినేవాళ్ళు ఇంత చెవిపెట్టి వింటారని నేనేం కలగన్నానా? ఒకావిడ, ఆస్పత్రిలో నర్సు, నిమిషాలూ సెకన్లతో సహా ఉత్తరం రాసింది. ఆరో భాగంలో ఏడో వంతెన దగ్గర కొండలవాళ్ళ తరఫున చచ్చిన సైనికుడే, ఎనిమిదో వంతెన దగ్గర దీవులవాళ్ళ తరఫున చచ్చాడు. మంచుకోటలో చచ్చాడు, ఓడలో చచ్చాడు, ఒకే రోజున నదికి రెండు ఒడ్డుల మీదా చచ్చాడు. “మొత్తం పదకొండుసార్లు. ఇతనెవరు? రెండు పక్షాలకీ ఎందుకు పోరాడుతున్నాడు? ప్రతిసారీ చచ్చేముందు ఏం చెప్పబోయి ఆగిపోతున్నాడు?” అని అడిగింది.

నెల తిరిగేసరికి ఆ సైనికుడికి ‘చావని బంటు’ అని పేరు పడిపోయింది. శాపగ్రస్తుడన్నవాళ్ళున్నారు, గూఢచారి అన్నవాళ్ళున్నారు. యుద్ధదేవతే మారువేషంలో తిరుగుతోందని ఒకాయన అరవై పేజీలు రాశాడు. ఉత్తరాలన్నీ తీసుకెళ్ళి ప్రొడ్యూసరు డాక్టరు ముందు పెట్టాడు. డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి, ఇదంతా మొదట్నుంచీ తన పథకమేనని ఒప్పుకున్నాడు. ఇంకా అచ్చుకెళ్ళని చివరి భాగంలో అంతా తేలుతుందని పత్రికలవాళ్ళకి చెప్పి, ఆ రాత్రికి రాత్రి చావని బంటుని కథలోకి దింపాడు.

ఇవన్నీ జరుగుతుంటే బావ షాపులో సోఫా కుడుతున్నాడు. ఆ సోఫా కోసం వచ్చిన కాలేజీ మేష్టారు కాలక్షేపానికి ఫోను తీసి, ఎవరో వరసగా అతికించిన ఆ పదకొండు చావులూ పెట్టుకున్నాడు. రెండోదానికే బావ చేతిలో సూది ఆగిపోయిందట. పదకొండూ విని, షాపు మేష్టారికి అప్పగించి, తిన్నగా మా స్టూడియోకొచ్చాడు. ఎప్పట్లాగే మెట్లెక్కి.

నేను తలెత్తేసరికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. మూతికి కట్టుకున్న గుడ్డ మెడలోకి దిగిపోయి ఉంది.

“అది నా గొంతేగా?”

“అవును బావా.”

“ఎప్పటిది?”

“మూడో భాగానిది.”

“మరి ఆరు, ఏడు, ఎనిమిది భాగాల్లో ఉన్నవన్నీ...”

“అన్నీ పాతవే. అన్నీ నీవే.”

కొడతాడనుకున్నాను. కుర్చీలో కూర్చుని, గొంతు తడుముకుని, “అయితే నా గొంతు బాగానే ఉందన్నమాట” అన్నాడు. మొహంలో సంతోషం. నిజంగా సంతోషం! రెండు చెంపలూ వాయించి ఉంటే నాకు అంత నొప్పి పుట్టేది కాదు. కోపం అతనికి తర్వాతొచ్చింది, మెట్లు దిగబోతూ.

“ఏడాదిన్నర ఉప్పునీళ్ళు పుక్కిలించానురా. నువ్వు చూస్తూ కూర్చున్నావు.”

నాకు ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా, సిగ్గెందుకు.

మర్నాడే వెళ్ళి ప్రొడ్యూసరు మీద పడ్డాను. చావని బంటు పాత్ర బావకే ఇవ్వాలన్నాను. ఆ పాత్ర పుట్టిందే అతని గొంతులోంచి అన్నాను. తొమ్మిదో భాగంలో ఆ బంటుకి నలభై మాటలున్నాయి. నలభై వద్దు, ఒక్కటి చాలన్నాను. ప్రొడ్యూసరు ససేమిరా అన్నాడు. జనం ఎదురుచూస్తున్న పాత్ర, నలభై మాటలూ బంగారు గొంతే చెప్పాలట. బావ చెయ్యాల్సింది ఆఖర్న ఒక్క చావు. పాతది వాడితే వినేవాళ్ళు పట్టేస్తారు కాబట్టి పన్నెండో చావు కొత్తగా చావాలి. కష్టం వచ్చినప్పుడు గుర్తొచ్చాడు మహానుభావుడికి, మా బావ.

ఈ కబురు బావకి చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. చివరికి చెప్పాను. బావ నములుతున్న దారం ఉమ్మేశాడు.

“సరే, వస్తాను. ఎక్కడ తగులుతుందో కనుక్కో.”

కనుక్కున్నాను. పక్కటెముకల కింద.

రికార్డింగు రోజున డాక్టరు కూడా క్లినిక్ మూసేసి వచ్చాడు. బంగారు గొంతు లోపలికెళ్ళి నలభై మాటలూ చెప్పింది. అన్నీ మృత్యువు గురించే. మృత్యువు నీడట, నదట, అద్దమట, ఇంటికి తిరిగొచ్చే దారట. పదకొండుసార్లు చచ్చినవాడు ఇలా మాట్లాడతాడా అని నాకు అనుమానం. పన్ను పీకించుకున్నవాడెవడైనా పన్ను గొప్పతనం గురించి ఉపన్యాసమిస్తాడా? కానీ డాక్టరు కళ్ళొత్తుకుంటున్నాడు. ఇక మిగిలింది కాగితం మీద చివరి వాక్యం. “పన్నెండో వంతెన మీద, ఒక్క ఆర్తనాదంతో, అతడు నేలకొరిగాడు.”

బావ లోపలికెళ్ళాడు. చొక్కా చేతులు మడుచుకుని మైకు ముందు నిలబడ్డాడు. నేను చెయ్యెత్తి సైగ చేశాను.

ముందు గాలి పోయింది, అతను ఎప్పుడో చెప్పినట్టే. తర్వాత కేక రావాలి. రాలేదు. గాజు పలకకి అవతల బావ కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్నవాణ్ణెవణ్ణో అడుగుతున్నట్టు, షాపులో కొలత అడిగేంత మామూలుగా అడిగాడు.

“అవునూ... ఇంతకీ ఈ గొడవంతా దేనికి మొదలైందండీ?”

అని, ఉన్న కాస్త ఊపిరీ మెల్లగా వదిలేశాడు.

ప్రొడ్యూసరే ముందు తేరుకున్నాడు. “ఏమయ్యా, ఆ మాట కాగితంలో లేదు. నిన్ను అరవమన్నాం.”

బావ మైకులోంచే జవాబిచ్చాడు. “లేదని తెలుసు బాబూ. ఇన్నేళ్ళుగా వీళ్ళందరి తరఫునా చస్తున్నాను కదా, కొండలవాళ్ళకీ చచ్చాను, దీవులవాళ్ళకీ చచ్చాను. ఒక్కసారైనా అడగాలనిపించింది. దేనికండీ డాక్టరుగారూ?”

డాక్టరు ప్రొడ్యూసరు వైపు చూశాడు. ప్రొడ్యూసరు నా వైపు చూశాడు. రెండువందల గంటల యుద్ధం కత్తిరించి అతికించినవాణ్ణి, నాకు గుర్తొస్తే ఒట్టు.

“ఏదో గుర్రం తప్పిపోయింది కదూ?” అన్నాడు ప్రొడ్యూసరు.

“గుర్రం కాదు, రాణిగారి అవమానం” అంది బంగారు గొంతు.

“ఆ అవమానం ఐదో భాగంలో కదండీ” అన్నాను నేను.

“ఉండండి, ఉండండి. నాకు తెలుసు, నేనే కదా రాశాను” అని డాక్టరు బీరువాలోంచి మొదటి భాగం లాగి పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పీ తిప్పీ నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను భుజం మీంచి తొంగిచూశాను. “ఈ ఘోర వైరానికి మూలకారణమేమిటో కాలక్రమాన తెలియగలదు” అని ఉంది. కాలం ఎనిమిది భాగాల మేర గడిచింది. మూలకారణం ఎక్కడా తెలియలేదు. ఆయన రాయడం మర్చిపోయాడు. నర్సుతో సహా ఎవరూ అడగలేదు. నాలుగు వేలమంది చచ్చారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే కాబోలు.

డాక్టరు పుస్తకం మూసి, నెమ్మదిగా, “ఆ మాట అలాగే ఉంచండి” అన్నాడు. ఆయన్ని నేను గౌరవించింది ఆ ఒక్కసారే. పొగడ్తలాగే దీన్ని కూడా జేబులో వేసుకుంటాడని చూశాను. వేసుకోలేదు.

బంగారు గొంతు ఊరుకుంటుందా? “నలభై మాటలు నా గొంతు, చివరి మాట ఈయన గొంతా? వినేవాళ్ళు నవ్విపోతారు!”

బావ తలుపు తీసుకుని బయటికొచ్చాడు. “చచ్చేటప్పుడు ఎవరి గొంతైనా మారుతుందండీ” అన్నాడు. ఈ విషయంలో అతనితో వాదించేంత అనుభవం ఆ గదిలో ఎవరికీ లేదు.

ఆ భాగం విడుదలైన రోజున నేను అక్కావాళ్ళింటికెళ్ళాను. షాపు వెనకే ఇల్లు. ముందుగదిలో బావ కొత్త చొక్కా వేసుకుని, ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది.

“ఏది, పెట్టరా. మాట ఉందన్నారుగా, వింటాను.”

ఫోను బల్ల మీద పెట్టి ఆఖరి అధ్యాయం పెట్టాను. బంగారు గొంతు మృత్యువు నీడంటోంది, అద్దమంటోంది. అక్క ఆవలించింది. పన్నెండో వంతెన వచ్చింది. కత్తుల మోత, గుర్రాలు, తర్వాత అంతా ఆగిపోయి ఒక్క మనిషి ఊపిరి. “అవునూ... ఇంతకీ ఈ గొడవంతా దేనికి మొదలైందండీ?” అంది మా బావ గొంతు, ఆ గదిలో, స్పష్టంగా. తర్వాత ఆ ఊపిరి సన్నబడుతూ, సన్నబడుతూ, ఆగిపోయింది.

అక్క నవ్వుతుందనుకున్నాను. బావ కూడా అందుకు సిద్ధంగానే ఉన్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చప్పున లేచి బావ చెయ్యి పట్టుకుంది, ఊపిరాడుతోందో లేదో చూసుకుంటున్నట్టు ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. ఇన్నేళ్ళూ కుళాయి ఎందుకు తిప్పిందో, వీధిలోకి ఎందుకు పోయిందో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడకి ఆ పనంటే చిన్నచూపు కాదు. భయం. మా ఇద్దరికీ అంత చిన్న సంగతి తట్టలేదు.

“ఏమిటే, బాలేదా?” అన్నాడు బావ.

అక్క అతని ఛాతీ మీద చెయ్యి తియ్యకుండానే నా వైపు తిరిగింది.

“మళ్ళీ పెట్టరా. ఆ మాట కాగానే ఆపెయ్. తర్వాతది నాకొద్దు.”

నాలుగుసార్లు పెట్టాను. నాలుగుసార్లూ, బావ చావకముందే ఆపేశాను.